కుడివైపు మూల

అతన్ని అందరూ బల్లి అనేవాళ్ళు. పేరు పెట్టింది ఇళ్ళ ఏజెంటు. అద్దెకిచ్చే ఇళ్ళకీ, అమ్మకానికి పెట్టిన ఇళ్ళకీ ఫొటోలు తియ్యడం అతని పని. చేతిలో ఉన్నది ఒక పాత డిజిటల్ కెమెరా, దానితోపాటు పెట్టెలో వచ్చిన లెన్సు ఒక్కటే. ఆ లెన్సు మనుషుల్ని బాగానే పడుతుంది, చెట్లని బాగానే పడుతుంది, గదిని మాత్రం పట్టదు. ఎంత వెనక్కి జరిగినా సగం మంచం, ముప్పాతిక కిటికీ. అందుకని అతను గోడకి వీపు ఆనించి, తల వెనక్కి నొక్కి, గోడలో దిగిపోతాడేమో అన్నట్టు నిలబడేవాడు. బీరువాలో దూరి తీసిన రోజులున్నాయి. బాత్రూములో కమోడ్ మూత మీదెక్కి తీసిన రోజులున్నాయి. ఒకసారి ఒక వంటగదిలో గట్టెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, పై అరకి నెత్తి కొట్టుకుని, ఇంటివాళ్ళ గాజు గ్లాసులు రెండు కింద పడేశాడు.

"దిగవయ్యా బల్లీ, ఎవరి నెత్తినో పడతావ్," అన్నాడు ఏజెంటు.

ఇంటివాళ్ళు కూడా నవ్వారు. పగిలిన గ్లాసులు ఏరుతూ అతనూ నవ్వాడు. పేరు అంటుకుపోయింది.

ఆ పేరుకి అతనెప్పుడూ కోపం తెచ్చుకోలేదు. పేరు ఏదైతేనేం, పని వస్తోంది. పని పోతుందన్న మాట మొదటిసారి విన్నది ఒక సోమవారం పొద్దున, ఏజెంటు ఆఫీసులో, నీళ్ళ డబ్బా పక్కన నిలబడి ఉండగా.

"ఇదిగో, చూడు," అని ఏజెంటు ఫోను అతని ముక్కు కిందికి తోశాడు. "అవతలి వీధివాళ్ళు పెట్టిన ఫొటో. మనం పెట్టిన ఇల్లే. అదే గది. వాళ్ళ ఫొటోలో బంతాట ఆడుకోవచ్చు. నీ ఫొటోలో బంతి పెట్టడానికి కూడా చోటు లేదు."

"వాళ్ళకి వైడ్ లెన్సుందండి. గది మూల నిలబడితే మూడు గోడలూ ఒకేసారి వస్తాయి."

"మరి నీకు?"

"కొంటానండి."

"ఎప్పుడు, ఇల్లు అమ్ముడుపోయాకా? నెలాఖరు దాకా చూస్తాను బల్లీ. తరవాత నన్ననకు. నీ మీద నాకు కోపం లేదు. నీ కెమెరాని చూస్తేనే జాలేస్తోంది."

కొంటానని నోటితో అన్నంత తేలిక కాదు కొనడం. కొత్తది ఎంతో చూశాడు. అతను కెమెరాకి పెట్టినదానికి మూడింతలుంది. గుర్రం కన్నా కళ్ళెం ఖరీదెక్కువన్నమాట. పాతవాటి ప్రకటనలు చూశాడు. ఒకదాని లోపల గాజు మీద బూజు, సాలెగూడు కట్టినట్టు. అమ్మేవాడు దాన్ని 'కొద్దిగా వాడినది' అని రాశాడు. ఇంకొకటి చవగ్గానే దొరికింది కాని వేరే కంపెనీ కెమెరాది. మధ్యలో ఒక రింగు పెడితే అతుక్కుంటుందన్నారు. బోడిగుండుకీ మోకాలికీ ముడి వేసే ఆ రింగు కూడా కొనుక్కోవాలన్నారు. చివరికి అతను ఉన్న లెన్సు ముందు మరలాగా తిప్పి బిగించుకునే చవక గాజు ఒకటి కొన్నాడు. దాంతో తీస్తే గది మొత్తం వచ్చింది, నిజమే. కాని గోడలన్నీ పొట్టలు పెంచుకుని వచ్చాయి. తలుపు విల్లులా వంగింది.

"ఈ ఇంటికి నెలలు నిండినట్టున్నాయే," అన్నాడు ఏజెంటు.

అప్పుడెవరో చెప్పారు, బస్టాండు వెనక సందులో కెమెరాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడనీ, పాత లెన్సులు కూడా అమ్ముతాడనీ.

దుకాణమంటే ఒకదాని వెనక ఒకటి రెండు గదులు. ముందు గదిలో ఆయన కూతురు జిరాక్సులు తీస్తూ, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తూ ఉంటుంది. వెనక గదిలో మెకానిక్. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద చిటికెనవేలి గోరంత మరలు, వాటికి తగ్గ స్క్రూడ్రైవర్లు. నుదుటికి భూతద్దం పట్టీ. ఎదురుగోడ మీద ఒక దినపత్రిక పూర్తిగా విప్పి, ముడత లేకుండా నాలుగు అంచులూ అంటించి ఉంది. బాగుచేసిన ప్రతి లెన్సుతోనూ ఆయన ఆ పత్రికని ఫొటో తీస్తాడు. నడిమధ్య అక్షరం ఎంత స్పష్టంగా ఉందో నాలుగు మూలల్లో అక్షరమూ అంత స్పష్టంగా ఉంటేనే లెన్సు మంచిదని లెక్క.

"ఇళ్ళకా?" అన్నాడాయన, అడక్కుండానే. "నీ చొక్కా వీపంతా సున్నముంది."

సొరుగులోంచి ఒక నల్లటి లెన్సు తీశాడు. రబ్బరు పట్టీ అరిగింది. ముందు గాజు కోడిగుడ్డులా ఉబ్బి, గదినంతా తనలో చూపిస్తోంది. "పేరున్న కంపెనీది కాదు నాయనా. గాజు మాత్రం నికార్సైనది. మూసేసిన స్టూడియో నుంచి తెచ్చాను."

ధర చెప్పాడు. న్యాయమైన ధర. బల్లి దగ్గర దానికి సగం కన్నా కాస్త ఎక్కువ ఉంది. ఆ మాట అక్కడ చెప్పి ఉంటే ఈ కథ లేదు. కాని పక్కగదిలో ఆడపిల్ల వింటోంది, సున్నపు చొక్కా సంగతి అప్పటికే బయటపడింది, అతనికి ముఖం చెల్లలేదు. "ఇంకా నాలుగైదు చూడాలండి," అన్నాడు, రోజుకి నాలుగైదు లెన్సులు కొనేవాడిలా.

"చూడవయ్యా, తప్పకుండా చూడు. దీన్ని కూడా తీసుకెళ్ళి చూడు," అని మెకానిక్ తలుపు మీదున్న బోర్డు చూపించాడు. తెల్ల బోర్డు మీద నీలం సిరాతో, గుండ్రటి చేతిరాత:

'మూడు రోజులు వాడండి. నచ్చితే డబ్బివ్వండి. నచ్చకపోతే లెన్సివ్వండి. ఏం నచ్చలేదో మాత్రం చెప్పండి.'

"అడ్వాన్సు?"

"వద్దు."

"ఏదైనా కార్డు, అడ్రసు..."

"లెన్సెత్తుకుపోయినవాడు అది పాడైతే ఎక్కడికెళ్తాడు? నా దగ్గరికే రావాలి," అని ఆయన నవ్వాడు. "ఆ చివరి మాటే నాకు ఫీజు. ఏం బాగాలేదో చెప్పాలి. నేనొక్కణ్ణీ ఎన్నని వాడి చూడగలను? వాడినవాడు చెబితేనే నాకు తెలుస్తుంది."

ఆ మూడు రోజులు బల్లి వీపు ఏ గోడకీ తగల్లేదు. గది మధ్యలోకొచ్చి, దర్జాగా కాళ్ళు ఎడం చేసి నిలబడి ఫొటో తీశాడు. కిటికీ మొత్తం, మంచం మొత్తం, పైన ఫ్యాను, కింద గచ్చు, అన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి. రెండు ఇళ్ళు తీశాడు. ఏజెంటు ఫొటోలు చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఒరేయ్, ఇది ఆ కొట్టుగదేనా? పక్కనే పార్కున్నట్టుందే! రేపటి నుంచి నీకు చేతినిండా పని."

మూడో రోజు సాయంత్రం లెన్సు పట్టుకుని సందులోకి నడుస్తూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. సగం ఇప్పుడిస్తాను, సగం నెల తరవాత. ఎంతసేపటి మాట? కాని ముందు గదిలో ఎవరో డబ్బున్న కుటుంబం పిల్లలకి ఫొటోలు తీయిస్తోంది. వాళ్ళందర్నీ దాటి లోపలికెళ్ళి నిలబడేసరికి ఆ మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడింది.

"ఏమయ్యా, నచ్చిందా?"

"బాగానే ఉందండి. కాని..."

"చెప్పు, చెప్పు. మొహమాటపడకు."

అతని కళ్ళు గోడ మీది పత్రిక మీద పడ్డాయి. "కుడివైపు మూలండి. కింద. కాస్త మసగ్గా వస్తోంది."

అంతే. అంత చిన్నది అబద్ధం. లెన్సుకి నొప్పి ఉండదు, గాజుకి పరువుండదు, ఎవరికీ నష్టం లేదనుకున్నాడు. మెకానిక్ మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాడు. "క్షమించు నాయనా. నేను చూశాను, కనపడలేదు. చెప్పి మంచిపని చేశావు. తెలియక ఎవరికో అంటగట్టేవాణ్ణి." పైగా లేచి చేతులు పట్టుకున్నాడు. బల్లి చేతులు అప్పుడు చెమట పట్టి ఉన్నాయి.

పదిరోజులకి ఏజెంటు మళ్ళీ మూడు ఇళ్ళు చెప్పాడు. బల్లి మళ్ళీ సందులోకి నడిచాడు.

"సరైందాండీ ఆ మూల?"

"నాకైతే ఏమీ కనపడలేదు. అయినా ముందు మర ఒకటి వదులుగా ఉందేమోనని బిగించాను. తీసుకెళ్ళి నువ్వే చూడు."

చూశాడు. మూడు ఇళ్ళు తీశాడు. తెచ్చి, "కొంచెం నయమండి. పూర్తిగా పోలేదు," అన్నాడు. బాగైందంటే కొనాలి కదా. మూడోసారి మెకానిక్ తనంతట తనే ధర తగ్గించాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేవాళ్ళుంటారని ఇంట్లో అతని అక్క అంటూ ఉంటుంది. ఆ మూడోసారి లెన్సు తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు బల్లి జేబులో డబ్బుంది. తగ్గించిన ధరకే కాదు, మొదటి ధరకి కూడా సరిపోయేంత. ఇంకోసారంటే ఇంకాస్త తగ్గుతుంది, మిగిలినదాంతో కెమెరా నిలబెట్టే మూడుకాళ్ళ స్టాండు కొనుక్కోవచ్చని లెక్క వేసుకున్నాడు. "అలాగే ఉందండి," అన్నాడు. మొదటి అబద్ధానికి లేమి అని సాకుంది. ఆ రోజు ఆడినదానికి ఏ సాకూ లేదు. అది అతనికీ తెలుసు.

నాలుగోసారి వెళ్ళేసరికి లెన్సు లెన్సుగా లేదు.

ఆకుపచ్చ గుడ్డ మీద ముక్కలుగా పరిచి ఉంది. పెద్ద గాజు ఒకచోట, చిన్న గాజులు వరసగా, వాటి కింద పెట్టే పల్చటి ఇత్తడి రింగులు చిన్న గిన్నెలో. మెకానిక్ భూతద్దం దించుకుని ఒక గాజుని దీపానికి ఎత్తి పట్టుకున్నాడు. తిప్పి చూస్తున్నాడు. మళ్ళీ తిప్పి చూస్తున్నాడు.

"రా నాయనా. కూర్చో. రెండుసార్లు విప్పాను, రెండుసార్లు బిగించాను. నువ్వు చెప్పిన మూల నాకు ఎంతకీ కనపడదు."

"వదిలెయ్యండి మాస్టారూ. చిన్నదే కదా."

"చిన్నదే. ఆ చిన్నది కనపడ్డమే కదా నా పని?" గాజుని గుడ్డ మీద పెట్టాడు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. "మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వయసుకి బాగానే ఉన్నాయంటాడు. ఆయనదేముంది, గోడ మీద నాలుగు అక్షరాలు చదివించి పంపేస్తాడు. మూల చూడ్డం ఆయనకేం తెలుసు? నువ్వు రోజూ గదుల మూలలు చూసేవాడివి. నువ్వు మూడుసార్లు చెప్పావంటే ఉన్నట్టే. నాకు చూపు పోతోందన్నమాట."

వెనక గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, చేతిలో గుడ్డలో చుట్టిన లెన్సులు.

"ఇవి కూడా పంపించెయ్యమంటావా నాన్నా?"

"పంపించెయ్యమ్మా. నావల్ల కాదని చెప్పు. కళ్ళు సరిగ్గా లేనివాడు ఇతరుల సరుకు విప్పకూడదు."

"ముగ్గురి లెన్సులు నిన్ననే తిరిగిచ్చేశాం," అంది ఆ అమ్మాయి బల్లి వైపు చూసి, మామూలుగానే. వార్త చెప్పినట్టు. అందులో నింద లేదు. నింద ఉంటే బావుండేది.

అతనికి ఒకటే దారి కనపడింది. జేబులో చెయ్యి పెట్టాడు. "మాస్టారూ, నేను కొనేస్తానండి. ఎలా ఉంటే అలా బిగించి ఇచ్చెయ్యండి. మీరు మొదట చెప్పిన ధరే ఇస్తాను."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "అదేం మాటయ్యా? తెలిసి తెలిసి మూల పోయిన సరుకు నీకు అమ్ముతానా? ఫొటో తీసినప్పుడల్లా నన్ను తిట్టుకోవూ?"

"తిట్టుకోనండి."

"నువ్వు తిట్టుకోకపోయినా నాకు వినబడుతుంది. వద్దు నాయనా. జాలిపడి కొంటున్నావని నాకు తెలుసు. మంచివాడివి."

మంచివాడివి. ఆ మాట వీపు మీద చరిచినట్టు పడింది. తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాడు. అరవడానికి లేదు, చూపించుకోవడానికి లేదు.

ఇంట్లో అక్క కుట్టుమిషను ముందు ఉంది. అతను అక్క ఇంట్లోనే ఉంటాడు. అక్క ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది, బావ లారీ మీద వెళితే వారానికోసారి కనపడతాడు. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని ఆమె ఏదో అంచు మడుస్తోంది. అతను కాసేపు అటూ ఇటూ తిరిగి, కత్తెర తీసి మళ్ళీ అక్కడే పెట్టి, చివరికి గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"మా స్నేహితుడొకడున్నాడక్కా..."

"నీకు స్నేహితులెక్కణ్ణుంచి వచ్చార్రా?" అంది, సూదులు తియ్యకుండానే.

"విను ముందు. వాడు ఒకాయన దగ్గర ఒక వస్తువు తీసుకున్నాడు. వాడి చూడమని ఇచ్చాడాయన. వాడుకుని, పని చేసుకుని, బాగాలేదని తిరిగిచ్చేశాడు. నిజానికి బాగానే ఉంది."

అక్క మిషను ఆపింది. సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చింది. "అలాంటివాళ్ళు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఫంక్షనుకి వేసుకెళ్తారు. మర్నాడు తెచ్చి, భుజం పట్టేసింది, కుట్టు తేడా అంటారు. చంకల్లో చెమట మరకలుంటాయి, సెంటు వాసనేస్తూ ఉంటుంది. అయినా నేనేమీ అనను."

"డబ్బు పోయిందనా నీ బాధ?"

"డబ్బు పోతే పోనీ. మొదటిసారి ఒకావిడ అలా చేసినప్పుడు, వారం రోజులు కత్తెర పట్టుకుంటే చెయ్యి వణికిందిరా. నా కొలత తప్పుతోందేమో, నా చేతికేమైందో అని. కోస్తున్న ప్రతి గుడ్డా రెండుసార్లు కొలిచేదాన్ని. తరవాతెప్పుడో తెలిసింది అబద్ధమని. దొంగతనం చేసుంటే ఒక గుడ్డ పోయేది. అది నా చేతినే పట్టుకుపోయింది."

అతను తల దించుకున్నాడు. అక్క అతని భుజాల వైపు చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూసినట్టు.

"ఇంతకీ ఏం వస్తువది? మీ స్నేహితుడిది?"

"లెన్సు."

"ఊఁ." మిషను చక్రం మీద చెయ్యేసింది. "వెళ్ళి చెప్పమను."

"ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడక్కా?"

"ఉన్నది ఒక్కటే కదా. దాన్నే పెట్టుకుని వెళ్ళమను."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. ముందు గదిలో ఒకావిడ ఫొటోకి కూర్చుని ఉంది, గడ్డం ఎత్తమంటే ఎత్తుతోంది, దించమంటే దించుతోంది. అతను పక్కన నిలబడ్డాడు. ఆవిడ వెళ్ళిపోయాక ఇంకొకరు వస్తే బావుండుననుకున్నాడు. ఎవరూ రాలేదు. లోపలికెళ్ళాడు. బల్ల మీద లెన్సు నిన్నటిలాగే ముక్కలుగా ఉంది, మీద గుడ్డ కప్పి ఉంది. మెకానిక్ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పని చేసుకునే మనిషి పొద్దున్నపూట ఊరికే కూర్చుంటే ఎలా ఉంటుందో అతను మొదటిసారి చూశాడు.

"మాస్టారూ, ఆ మూల బాగానే ఉందండి."

"ఏ మూల?"

"కుడివైపు మూల. మొదటి నుంచీ బాగానే ఉంది. మసక లేదు, ఏం లేదు. నేనే అబద్ధమాడాను. డబ్బు చాలక మొదటిసారి. తరవాత... తరవాత అలవాటై."

కూతురు గుమ్మంలోకి వచ్చింది. అతనికి వీపు వెనకే తెలిసింది.

మెకానిక్ ముందుకి వంగాడు. "నువ్వు సరిగ్గా చూశావా? పెద్దది చేసి చూశావా?"

"చూశానండి. పెద్ద తెర మీద చూశాను. కిటికీ ఊచల మీద తుప్పు చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. సూదిమొనలా ఉంది."

"నాలుగు మూలలూ?"

"నాలుగూ."

ముసలాయన లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు బల్లి. కొడితే బావుండునని కూడా అనుకున్నాడు. ఆయన అతన్ని దాటుకుని గుమ్మం దాకా వెళ్ళి కూతురు రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"అమ్మాయీ, విన్నావా? నా కళ్ళు బాగున్నాయి! నేను చూసిందే నిజం! డాక్టరు చెప్పాడు, నేనే నమ్మలేదు!" నవ్వుతున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, గోడ మీది పత్రిక దగ్గరికి వెళ్ళి, కుడివైపు కింది మూల ఉన్న ఏదో ప్రకటనని గట్టిగా పైకి చదివాడు. అది పాత ఇనుప సామాను కొంటామన్న ప్రకటన. ఆయన దాన్ని పద్యం చదివినట్టు చదివాడు.

బల్లి ఎన్నో రకాల సిగ్గు చూశాడు. చిల్లు బూటు సిగ్గు, సున్నపు చొక్కా సిగ్గు, పదిమందిలో బల్లీ అని పిలిపించుకున్న సిగ్గు. అవన్నీ పైపైన దులిపేసుకుంటే పోయేవి. తాను దోచుకున్నదాన్ని తిరిగిస్తుంటే బహుమతి అందుకున్నట్టు పొంగిపోతున్న మనిషి ముందు నిలబడ్డం వాటిలాంటిది కాదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంతోషం కాస్త తగ్గాక ఆయనకి మిగతాది అందింది. వచ్చి మెల్లగా కూర్చున్నాడు.

"మూడుసార్లు," అన్నాడు.

"మూడుసార్లండి."

"డబ్బు లేదంటే నేనేమన్నా కొడతానా? నెల నెలా ఇమ్మనేవాణ్ణి కదా."

"సిగ్గేసిందండి."

"దానికి సిగ్గేసింది. దీనికి వెయ్యలేదు." అంతే అన్నాడు. గొంతు పెంచలేదు.

గొంతు పెంచింది కూతురు. "మా నాన్నకి కోపం రాదండి. మా ఇంట్లో కోప్పడే పని నాది. మూడు వారాల నుంచి ఈయన భోజనానికి కూర్చుంటే కంచం అంచు చూసుకుంటున్నాడు. కుడిపక్క మసగ్గా ఉందా అమ్మా, ఎడమపక్క మసగ్గా ఉందా అమ్మా అని. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకుంటున్నాడు. నలభై ఏళ్ళుగా చేసిన పని మానేస్తానన్నాడు. మీకేమో పార్కులాంటి గదులొచ్చాయి."

"ఊరుకో అమ్మా," అన్నాడు తండ్రి.

ఆమె ఊరుకోలేదు. తలుపు దగ్గరికెళ్ళి, తడిగుడ్డతో బోర్డు మీది అక్షరాలు తుడిచేసింది. సిరా పాతది, అంత తేలిగ్గా పోలేదు. గోరుతో గీకి మరీ తుడిచింది. తండ్రి వద్దనలేదు. బల్లి జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటి ధర. మెకానిక్ దాన్ని పక్కకి జరిపాడు, తీసుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు.

"ముందు లెన్సు ఉండాలి కదా అమ్మడానికి," అన్నాడు. "లేని జబ్బుకి మందేస్తూ రింగులన్నీ మార్చేశాను. ఏది ఎక్కడుండేదో ఇప్పుడు నాకే తెలియదు. బిగించడం, ఫొటో తియ్యడం, చూడ్డం, మళ్ళీ విప్పడం. ఇద్దరుండాలి దానికి. నీ కెమెరా తియ్యి. కూర్చో."

కూర్చున్నాడు. ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు, తియ్యలేదు. మెకానిక్ గాజులు పేర్చి బిగిస్తాడు. బల్లి లెన్సుని కెమెరాకి తగిలించి గోడ మీది పత్రికని తీస్తాడు. పాత కంప్యూటరు తెర మీద నాలుగు మూలలూ పెద్దవి చేసి చూసి చెబుతాడు. ముసలాయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పల్చటి రింగుని పట్టకారుతో అలా ఎత్తి అలా దించుతుంటే, ఈ చేతినా నేను ఆపించబోయింది అనుకున్నాడు బల్లి.

"ఎలా ఉంది?"

"ఎడమ పైన కొంచెం పోయిందండి. అక్షరం రెండుగా ఉంది."

మెకానిక్ మర మీద చెయ్యి పెట్టలేదు. "అమ్మాయీ, ఒకసారి చూడు," అని పిలిచాడు. ఆమె వచ్చి, వంగి చూసి, "అవును నాన్నా, ఎడమ పైన," అని వెళ్ళింది. అప్పుడు ఆయన మర తిప్పాడు.

మొదటిసారి బల్లి దాన్ని పట్టించుకోలేదు. రెండోసారి, మూడోసారి కూడా అలాగే జరిగింది. అతను చెప్పేవాడు, ఆయన వినేవాడు, తలూపేవాడు, కూతుర్ని పిలిచేవాడు. కోపంగా కాదు. మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు. మధ్యలో మంచినీళ్ళు కూడా ఇచ్చాడు, "కళ్ళు లాగుతున్నాయా, కాసేపు కిటికీలోంచి దూరంగా చూడు," అన్నాడు. ఒక పాతకాలపు కెమెరా గురించి తమాషా కథ కూడా చెప్పాడు. కాని అతని మాటని మాత్రం ఒంటరిగా తీసుకోలేదు. నీళ్ళు వడగట్టుకుని తాగినట్టు, ప్రతిసారీ.

మధ్యాహ్నం దాటింది. బహుశా పదో పన్నెండో సారి. బల్లి కెమెరాని స్టూలు మీద సర్దాడు, ఊపిరి బిగపట్టి తీశాడు, తెర మీద చూశాడు. ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన. చివరికి కుడి కింది మూల. పాత ఇనుప సామాను కొంటామన్నవాళ్ళ ఫోను నంబరు దాకా అంకె అంకె విడివిడిగా, గీసినట్టు ఉంది. మళ్ళీ ఒకసారి చూశాడు. ఇన్నాళ్ళలో అతను ఏ ఫొటోనీ అంత శ్రద్ధగా చూసి ఉండడు. ఏ మాటా అంత నిజంగా చెప్పాలనుకుని ఉండడు.

"బాగుందండి మాస్టారూ. నాలుగు మూలలూ బాగున్నాయి."

మెకానిక్ తలూపాడు. పట్టకారు గుడ్డ మీద పెట్టాడు. తెర వైపు కాకుండా గుమ్మం వైపు చూసి, "అమ్మాయీ," అన్నాడు.

"వస్తున్నా నాన్నా. ఈ జిరాక్సులు అయిపోనీ."

ముందు గదిలో మిషను ఒక్కో కాగితమే తీస్తోంది. పెద్ద కట్టే ఉన్నట్టుంది. వాళ్ళిద్దరూ బల్లకి చెరోవైపూ, ఒకరినొకరు చూసుకోకుండా, ఆమె వచ్చేదాకా కూర్చున్నారు.